నాలుగో జ్వరం

2023 వేసవి. మస్కట్‌కి రెండు గంటల దారిలో ఉన్న నిజ్వాలో ఒక టైర్ల దుకాణానికీ ఖర్జూరాల గోడౌనుకీ మధ్య ఉన్న చిన్న పాలీక్లినిక్‌లో నేను స్టాఫ్ నర్సుని. అప్పటికి ఆ ఊళ్లో కుదురుకుని చాలా ఏళ్లయింది. మా ఆయన అక్కడి స్కూల్లో లెక్కలు చెబుతారు, నేను సూదులు వేస్తాను. మా ఇద్దరిలో ఎవరిని చూస్తే పిల్లలు ఎక్కువ పారిపోతారో ఇంకా తేలలేదు. మాది రాజమండ్రి దగ్గర. కోపం వచ్చినా "అండీ" లేకుండా తిట్టలేను.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కన్‌స్ట్రక్షన్ కంపెనీల మనుషులు. కంట్లో సిమెంటు పడినవాళ్లు, కాల్లో మేకు దిగినవాళ్లు, ఎండదెబ్బ తగిలినవాళ్లు. వైద్యం కాకుండా మేమిచ్చే ఇంకో ముఖ్యమైన వస్తువు ఫిట్ టు వర్క్ సర్టిఫికెట్. ఈ మనిషి ఫలానా పని చేయడానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాడని డాక్టరు సంతకం పెట్టే కాగితం అది. ఆఫీసులో కూర్చునేవాడికి అదో లాంఛనం. స్కాఫోల్డింగ్ పనివాడికి, అంటే బిల్డింగు చుట్టూ ఇనుప గొట్టాలతో మంచె కట్టి ఆ ఎత్తులో తిరిగేవాడికి, అదే అన్నం. ఒక్కసారి కళ్లు తిరిగి పడ్డాడంటే ఆ కాగితం ఆగిపోతుంది. ఆగిపోవాలి కూడా. ఆ విషయంలో నేనెప్పుడూ మొహమాటపడలేదు.

మునిరత్నం అలాంటి స్కాఫోల్డరు. పలమనేరు దగ్గర పల్లెటూరు. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మాట తక్కువ. మొదటిసారి అతన్ని మోసుకొచ్చింది వాళ్ల ఫోర్‌మన్ గంగారాం. ఈ గంగారాంది జగిత్యాల. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"సిస్టర్, నిలవడ్డోడు నిలవడ్డట్టే కూలవడ్డడు. నయం, అప్పుడే పైకెళ్లి దిగిండు. లేకుంటే గీయనను మీ దగ్గరికి గాదు, ఇంకో దగ్గరికి తీస్కవోవాల్సి ఉండె."

ముందు మేం చేసే పని జీఆర్‌బీఎస్, అంటే వేలికొన గుచ్చి ఒక్క చుక్క రక్తంలో షుగర్ చూడటం. ఉండాల్సినదానికంటే బాగా తక్కువగా ఉంది. ఒళ్లంతా చెమట, పెదాలు ఎండిపోయాయి. గ్లూకోజు ఎక్కిస్తే కాసేపటికి కళ్లు తెరిచి, బూట్లతో మంచం మీద పడుకున్నందుకు ముందు సిగ్గుపడ్డాడు.

"పొద్దున్న ఏమైనా తిన్నారా అండీ?"

"తిన్నా సిస్టర్."

"ఏం తిన్నారు?"

"తిన్నా."

ఇంకా గట్టిగా అడిగేదాన్నే. కానీ అతని మొహంలో దిగులు చూసి, ఇంటి దగ్గర అందరూ బాగున్నారా అని మాట మార్చాను.

"పిల్లోళ్లు జొరంలో ఉండారు సిస్టర్. మూడో జొరం."

పాపం, తండ్రి మనసు అనుకున్నాను. డాక్టరుకి చూపించారా అంటే అవసరం లేదన్నాడు, రేపటికి వాళ్లే లేస్తారన్నాడు. తినడానికి ఏం పెడుతున్నారంటే, నేనేదో తప్పు మాట అడిగినట్టు చూశాడు.

"జొరంలో ఏం పెడతారు సిస్టర్? ఏమీ పెట్టకూడదు."

ఈ మాట వింటే ఏ నర్సయినా ఊరుకుంటుందా? జ్వరంలో పిల్లల్ని కడుపు మాడ్చడం ఎంత తప్పో, గంజి ఎలా తాగించాలో, ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో మొత్తం పాఠం చెప్పాను. అతను బుద్ధిగా విన్నాడు. ఆరోజు సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆయనతో, ఈ రోజుల్లో కూడా ఇంత మూఢనమ్మకమేమిటండీ అని వాపోయాను.

వారం తిరగకుండా మళ్లీ పడ్డాడు. ఈసారి కింద నిలబడి గొట్టాలు అందిస్తూ. మళ్లీ అదే షుగర్, అదే చెమట, అదే "తిన్నా సిస్టర్". పిల్లలకి ఎలా ఉందని అడిగాను.

"మళ్లా జొరానికి పండుకున్నారు. ఇది నాలుగోది."

"నాలుగోదా! ఎవరికీ చూపించకుండా నాలుగోసారా? మందేం వేశారు?"

"మందేం లేదు సిస్టర్. మా ఆడమనిషి సున్నం చల్లిందంట."

"పిల్లల మీద సున్నమా?"

"పక్క మీద సిస్టర్. పక్క తడిగా ఉండకూడదు గదా. సున్నం చల్లి, కదిలీకుండా వదిలెయ్యాల."

పక్క తడిపేంత జ్వరం, దాని మీద సున్నం, పైగా పస్తు! ఆ తల్లి ఎదురుగా ఉంటే ఆరోజు ఏమనేదాన్నో నాకే తెలీదు. మర్యాదగా మాత్రం అనేదాన్ని కాదు.

అయితే ఆ సమయంలో మునిరత్నానికి పిల్లల జ్వరం కంటే పెద్ద గండం ముంచుకొచ్చింది. మా డాక్టరు కేరళ ఆయన, నిదానస్తుడు, తొందరపడి ఏదీ రాయడు. తిన్న మనిషికి షుగర్ ఇంత పడిపోకూడదని ఆయన బెంగ. రెండుసార్లు పడిపోయిందంటే ఇన్సులినోమా కావచ్చన్నాడు. పాంక్రియాస్‌లో చిన్న గడ్డ పుట్టి, అక్కర లేకపోయినా ఇన్సులిన్ వదిలి షుగర్‌ని దింపేసే అరుదైన జబ్బు అది. దానికి మస్కట్ వెళ్లి స్కానింగులు తీయించాలి. అది తేలేదాకా పైకి ఎక్కకూడదు, నేల మీదే డ్యూటీ అని రాశాడు. మూడోసారి పడితే మాత్రం అన్‌ఫిట్ రాయక తప్పదని నాతో అన్నాడు.

ఆ మాట చెప్పినప్పుడు మునిరత్నం మొదటిసారి నోరు విప్పి గట్టిగా మాట్లాడాడు.

"కింద డ్యూటీ మా కంపెనీలో నాకియ్యరు సిస్టర్. ముదీరు టికెట్టు కొట్టి పంపించేస్తాడు. ఇప్పుడు పంపిస్తే అంతా పోతాది. షెడ్డు సగంలో నిలబడిపోయుండాది. ఈ పంటా, దీని ఎనకాల ఇంకో రెండు పంటలూ నిలబడితే నేనే పోతా. ఎవురూ పంపియ్యాల్సిన పని ల్యా."

ముదీరంటే ఇక్కడ మేనేజరు. పలమనేరు, మదనపల్లె అంటే నాకు టమాటాలే గుర్తు. షెడ్డంటే పశువుల షెడ్డనుకున్నాను, పంటంటే టమాటా అనుకున్నాను. మనకు తెలిసిన సామానే అవతలివాళ్ల ఇంట్లో కూడా ఉంటుందనుకోవడం ఎంత సులువో!

మస్కట్ స్కానింగుకి తేదీ దొరికేదాకా అతన్ని కింద పనిలో ఉంచేలా గంగారాం ముదీరుని బతిమాలి ఒప్పించాడు. తర్వాత నెలరోజులకు పైగా ఏమీ లేదు. మునిరత్నం రెండుసార్లు చెకప్‌కి వచ్చాడు, షుగర్ రాయిలా నిలబడి ఉంది. ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాడు. పిల్లలెలా ఉన్నారంటే, "అందరూ గూళ్లకెక్కినారు సిస్టర్, బాగుండారు" అన్నాడు సంతోషంగా. గూడంటే ఇల్లనుకున్నాను, బడి నుంచి ఇల్లు చేరారని అర్థం చేసుకున్నాను. చూశారుగా, అన్నీ ఎంత చక్కగా అతికాయో.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గంగారాం మళ్లీ అతన్ని భుజం మీద వేసుకుని వచ్చాడు. ఈసారి వెనకాలే కంపెనీ నుంచి ఫోను. ఈ మనిషి పనికొస్తాడో రాడో సాయంత్రానికల్లా రాసివ్వమని ముదీరు మాట. డాక్టరు సర్టిఫికెట్ల పుస్తకం తీసి టేబులు మీద పెట్టుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టను. నేనైనా అదే చేసేదాన్ని.

గ్లూకోజు సూది పెడుతూ ఉంటే గంగారాం చేతిలోని స్టీలు డబ్బా మంచం పక్క బల్ల మీద పెట్టాడు.

"గీ డబ్బ జూడుండ్రి సిస్టర్. పొద్దుగాల క్యాంపుల నింపిన రొట్టె, పప్పు. గట్లనే ఉన్నది. ముద్ద గూడ ముట్టలే. నిన్న రాత్రి గూడ తినలే అంటున్నరు రూమోళ్లు."

మూత తీసి చూశాను. రొట్టెలు మడత కూడా విప్పలేదు. నా ఒంట్లో ఉన్న నర్సంతా ఒక్కసారి లేచింది. ఏ జబ్బుకైనా మొదటి ప్రశ్న తిండే. ఆ ప్రశ్నకే ఇతను అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం మీద డాక్టరు మస్కట్ దాకా మేడ కట్టాడు. కళ్లు తెరవగానే డబ్బా మొహం ముందు పెట్టాను.

"ఏమండీ మునిరత్నం గారూ, తిన్నానన్నారే?"

అతను డబ్బా వంక చూసి కళ్లు దించుకున్నాడు.

"పిల్లోళ్లు జొరంలో ఉంటే నేనెట్ల తినేది సిస్టర్? వాళ్లు తినకుండా నేను తింటే మంచిది కాదు."

"మళ్లీ జ్వరమా? ఎన్నిసార్లండీ ఒకే పిల్లలకి?"

"ఆ పిల్లోళ్లు కాదు. వాళ్లయిపోయినారు. వీళ్లు వేరే."

అతని ఫైలు తెరిచాను. ఫైల్లో పిల్లల సంఖ్య దగ్గర ఒకటని ఉంది. తిరుపతి హాస్టల్లో ఇంటర్ చదివే ఒక్క కూతురు.

"అసలు మీకెంతమంది పిల్లలు?"

"ఈ తూరి నూరు గుడ్లు సిస్టర్."

నేను గంగారాం వైపు చూశాను, గంగారాం నా వైపు చూశాడు. షుగర్ పడిపోయి మెదడు తిరిగిందనుకున్నాం ఇద్దరం. మునిరత్నం ఒక్కడే మామూలుగా ఉన్నాడు. మాకు అర్థం కాలేదని అర్థమై, ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. పొడుగాటి షెడ్డు, అందులో అంతస్తులుగా తట్టలు, తట్టల నిండా మల్బరీ ఆకు, ఆకు నిండా వేలు పొడుగు కూడా లేని తెల్లటి పట్టుపురుగులు.

అప్పుడు విడిపోయింది ముడి. పట్టుపురుగు పుట్టినప్పటినుంచి గూడు కట్టేలోపు నాలుగుసార్లు చర్మం వదులుతుంది. వదిలే ముందు తల పైకెత్తి, తిండి మానేసి, ఒక రోజు పైగా కదలకుండా ఉంటుంది. దాన్నే ఆ రైతులు జ్వరం అంటారు. పురుగులు జ్వరానికి కూర్చున్నాయంటారు, జ్వరం లేచాయంటారు. ఆ సమయంలో ఆకు వేయకూడదు, పక్క ఆరడానికి సున్నం చల్లాలి. మొదటి రెండు జ్వరాలు చిన్నపురుగుల్ని పెంచి అమ్మే చాకీ కేంద్రంలోనే అయిపోతాయి. రైతు ఇంట్లో అయ్యేవి మూడోదీ నాలుగోదీ. అందుకే ఇతను వారంలో రెండుసార్లు పడి, నెల పైన బాగుండి, మళ్లీ పడుతున్నాడు. గుడ్డంటే ఒక పట్టుచిలుక, అంటే రెక్కలొచ్చిన ఆడ పట్టుపురుగు, పెట్టిన మొత్తం గుడ్ల లెక్క, దాంట్లోంచి వందల పురుగులొస్తాయి. నూరు గుడ్లంటే ఎంతమంది తండ్రో మీరే వేసుకోండి.

మా ఇళ్లల్లో పెళ్లికి పట్టుచీర లేకపోతే పెళ్లే కాదు. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగాను, ఆ పట్టుకి జ్వరం వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

నవ్వు ఆగలేదు నాకు. గంగారాం అయితే గోడకానుకుని నవ్వాడు. మునిరత్నం నవ్వలేదు. అతను నవ్వకపోవడం చూసి నేను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"పురుగులంటే అర్థమైంది. మీరెందుకు పస్తుండటం?"

"మా అమ్మ ఉండేది సిస్టర్. మా ఊర్లో పెద్దోళ్ల ఇంట్లో పురుగులు మేపేది కూలికి. తోట వాళ్లది, తట్టలు వాళ్లవి, గూళ్లు వాళ్లవి. అయినా వాటిని పురుగులనేది కాదు, పిల్లోళ్లనేది. జొరంలో ఉన్నన్నాళ్లూ ఒక్క ముద్ద ముట్టేది కాదు. ఆమె చేతిలో ఒక్క పంటా పోలేదు. ఇప్పుడు మాకు సొంత తోట, సొంత షెడ్డు. మా రెడ్డెమ్మ పెట్టిన మొదటి పంటే పోయింది. పురుగంతా పాలు కారే రోగమొచ్చి సచ్చిపోయింది. ఆమెను పస్తుండమంటే ఎట్ల? ఆకు కోసేదామె, తట్టలు మార్చేదామె. ఈడ్నుంచి నేను చెయ్యగలిగిన పనేముంది సిస్టర్? ఇదొక్కటే."

ఎన్ని క్యాంపుల వాళ్లని చూశాను! ఇంటికి డబ్బు పంపుతారు, ఫోను చేస్తారు, పండగకి ఫొటో పంపుతారు. కానీ ఇంటి పనిలో ఒక చెయ్యి వేయాలన్న ఆశ లోపల ఎక్కడో మిగిలిపోతుంది. మునిరత్నం ఆ చెయ్యి తన కడుపుతో వేశాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కానీ ఏడ్చి ఊరుకుంటే సాయంత్రానికి అన్‌ఫిట్ కాగితం తయారవుతుంది. అతని ఫోను తీసుకుని, రెడ్డెమ్మ అని ఉన్న పేరు నొక్కాను. వీడియోలో ఆవిడ మొహం, వెనకాల ఆకు కట్టలు కనిపించాయి.

"ఎవురు నువ్వు? మా ఆయన ఫోను నీ చేతిలో ఎందుకుండాది?"

నేనెవరో, మునిరత్నం ఎందుకు మంచం మీదున్నాడో చెప్పాను. పురుగుల జ్వరానికి పస్తుంటున్నాడని, ఇది మూడోసారి పడటమని కూడా చెప్పాను. ఆవిడ చేతిలోని కత్తి కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"పస్తా? మూడు తూర్లు? నాతో ఒక మాట చెప్పలేదే! ఆయనకియ్యక్కా ఫోను."

ఇచ్చాను, కానీ స్పీకరు ఆపలేదు. నేను కూడా వినాలి కదా.

"ఏమయ్యా, నీకేమన్నా బుద్ధుండాదా? మీ యమ్మ పస్తెందుకున్నిందో తెలుసునా నీకు?"

"పిల్లోళ్ల కోసరం."

"పిల్లోళ్ల కోసరమే. ఏ పిల్లోళ్ల కోసరం? నీకోసరం, నీ చెల్లెండ్ల కోసరం. ఇంట్లో ఇంత సంగటుంటే నాలుగు నోళ్లు. జొరం రోజు ఆకు కోసే పని ఉండదు, ఒళ్లు అలిసిపోదు, ఆ పొద్దు తినకపోయినా ఓర్సుకోవచ్చునని ఆమె ముద్ద మీకు పెట్టేది. ఎందుకు తినవమ్మా అని మీరడుగుతారని జొరం సాకు చెప్పేది. సచ్చిపోయే ముందర నాతో చెప్పి నవ్వింది మా అత్త. నా కొడుకు ఇంకా నమ్ముతాండాడే, నువ్వు చెప్పమాకు అనింది. నేను చెప్పకపోవడం తప్పయిపోయింది."

ఆ తర్వాత రెడ్డెమ్మ గొంతు తగ్గించి అన్న మాటని నేనిప్పటికీ మర్చిపోలేదు.

"మొదటి పంట పోయింది నేను షెడ్డుకి మందు సరిగ్గా కొట్టకుండా పురుగు పెట్టినందుకు. పట్టు ఆఫీసరొచ్చి చూపించినాడు, నేర్చుకున్నా. శెనక్కాయలేస్తే ఏడాదంతా ఆకాశం చూస్తా కూర్చోవాల. ఇది పోయినా నెలన్నరలో మళ్లా నిలబడొచ్చు. పంట పోతే నా చేతుల్లో పోతాది, నీ కడుపులో కాదు. తిను నువ్వు."

డాక్టరు దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, పురుగులకి జ్వరమేమిటి అని రెండుసార్లు అడిగాడు. నవ్వాడు కూడా. అయినా మనిషి డాక్టరే కదా, కథ విని సంతకం పెట్టడు. పస్తే కారణమైతే, పస్తు లేనప్పుడు పడకూడదు. అది కళ్లారా చూడాలన్నాడు. నాలుగో జ్వరం వచ్చేదాకా అతన్ని నేల మీదే పెట్టించి, ఆరోజు తిండి తిన్నాక కూడా షుగర్ నిలబడితే అప్పుడు ఫిట్ రాస్తానన్నాడు. ముదీరుకి కూడా ఆయనే ఫోను చేసి, పరీక్ష జరుగుతోంది, కొన్నాళ్లు ఆగమన్నాడు. అంతవరకు గడువు దొరికింది.

పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయని రెడ్డెమ్మ చెప్పిన రోజున మునిరత్నం పొద్దున్నే డ్యూటీ చేసుకుని, మధ్యాహ్నం ఎండ విరామంలో క్లినిక్‌కి వచ్చాడు. పెరుగన్నం కలిపి, ఆవకాయ వేసి ఇంటినుంచి తెచ్చాను. డ్రెస్సింగ్ రూమ్‌లో అతని ముందు పెట్టాను. ఫోను నీళ్ల సీసాకి ఆనించి రెడ్డెమ్మని కూడా కూర్చోబెట్టాం.

అతను ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోటిదాకా తీసుకెళ్లడు. అన్ని సంవత్సరాల నమ్మకాన్ని ఒక్క ఫోను మాట తుడిచేస్తుందా? నిజం చెప్పాలంటే నాకూ లోపల భయంగానే ఉంది. ఇతను తిన్నాక పంట పోతే? పురుగులకి నా పెరుగన్నం సంగతి తెలీదు, రోగాలు వాటి దారిన అవి వస్తాయి. కానీ అప్పుడు జీవితాంతం ఆ ముద్ద ఇతని గొంతులోనే ఉండిపోతుంది. అయినా నర్సు చేతిలో ఉన్నది మనిషి, పంట కాదు. నేను మనిషి వైపే నిలబడ్డాను.

"తినండి. పిల్లోళ్లు లేచాక వాళ్లకి ఆకు కావాలి, మీకు ఎత్తు మీద పని కావాలి. రెండింటికీ నేనే జవాబుదారీ అనుకోండి."

"మొదటి ముద్ద మీయమ్మ పేరు చెప్పి తిను" అంది రెడ్డెమ్మ ఫోనులోంచి.

ఆ మాటతో కదిలాడు. కళ్లు మూసుకుని ఒక ముద్ద మింగాడు. రెండోది కళ్లు తెరిచే తిన్నాడు. మూడోదానికి ఆవకాయ ముక్క అడిగాడు. షుగర్ చూశాను, బాగుంది. సాయంత్రం డ్యూటీ అయ్యాక మళ్లీ చూశాను, బాగుంది. డాక్టరు అయినా ఇంకో రెండు రోజులు చూసి, ఫిట్ రాశాడు. పై పనికి కూడా. ఆ సంతకం పడ్డప్పుడు ఎవరూ చూడకుండా నేనే టేబులు మీద చిన్నగా కొట్టాను.

ఆ సంతకం పడకముందే, ముద్ద తిన్న మర్నాడే, మునిరత్నం నుంచి ఫోను వచ్చింది. పిల్లోళ్లు నాలుగో జొరం లేచారని, వినమని. రెడ్డెమ్మ తట్టల దగ్గర ఫోను పెట్టి పంపిన శబ్దం అది. వేల పురుగులు ఒకేసారి ఆకు నమిలే చప్పుడు, రేకుల మీద చిన్న జల్లు పడుతున్నట్టు. నిజ్వా ఎండలో, ఏసీ గదిలో నిలబడి ఆ చప్పుడు రెండుసార్లు విన్నాను. పంట నిలబడింది. గూళ్లు తెల్లగా, గట్టిగా వచ్చాయని రెడ్డెమ్మ ఫొటో పంపింది. ఆ తర్వాతి పంటా నిలబడింది. ఒకటి మధ్యలో కొంత దెబ్బతింది కూడా, కానీ ఆమె చెప్పినట్టే నెలన్నరలో మళ్లీ లేచింది. షెడ్డు రెండో సగానికి రేకులు పడ్డాయి.

ఆ కాంట్రాక్టు అయిపోయాక మునిరత్నం బతాకా, అంటే ఇక్కడి రెసిడెంట్ కార్డు, కంపెనీకి అప్పగించేసి, ఎవరూ పంపకుండానే ఊరెళ్లిపోయాడు. వెళ్లే ముందు క్లినిక్‌కి వచ్చాడు. నాకు ఏదో ఇవ్వాలని తటపటాయించి, చివరికి జేబులోంచి ఒక ఖాళీ పట్టుగూడు తీసి టేబులు మీద పెట్టాడు. ఊరి మనిషెవరో సెలవు నుంచి వస్తుంటే రెడ్డెమ్మ పంపిందట. ఇప్పటికీ నా డ్రాయర్లో థర్మామీటర్ల పక్కన ఉంది.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు అలవాట్లు మారాయి. "తిన్నారా?" అని ఎవర్నీ అడగను. ఎప్పుడు తిన్నారు, ఏం తిన్నారు, పక్కన ఎవరున్నారు అని అడుగుతాను. మర్యాద ప్రశ్నకి మర్యాద జవాబే వస్తుంది, దానితో వైద్యం చేయలేం. రెండోది, రోగి నోట్లో మాట మన తెలుగే అయినా, దాని అర్థం వాళ్ల ఊరిదే. జ్వరం అనే రెండక్షరాల మాట నాకు తెలుసని నేను అనుకున్నందుకే ఇంత తిరిగాం. ఇప్పుడు ఎవరైనా జ్వరం అంటే ముందు ఎవరికి అని, తర్వాత ఎలాంటిది అని అడుగుతాను. కొత్తగా వచ్చిన నర్సులు నన్ను వింతగా చూస్తారు. చూడనివ్వండి.

మొన్న రెడ్డెమ్మ ఒక ఫొటో పంపింది. షెడ్డు వరండాలో మునిరత్నం కూర్చుని ఉన్నాడు, కొంచెం బొజ్జ కూడా వచ్చింది. ముందు విస్తరిలో రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి. పక్కన ఇంకో విస్తరి కూడా ఉంది, దాని ముందు ఎవరూ లేరు, గోడకి ఒక ముసలమ్మ పటం మాత్రం ఉంది. ఆ విస్తరి కూడా నిండుగా ఉంది. కింద వాయిస్ మెసేజిలో రెడ్డెమ్మ గొంతు:

"పిల్లోళ్లు జొరానికి పండుకున్నారక్కా. జొరం రోజు మా ఇంట్లో ఇప్పుడు ముందర మా అత్తకే వడ్డిస్తాం. మొదటి ముద్ద ఆమెది, రెండోదానికి ఈయన కూర్చున్నాడు."